ప్యాకెట్‌లో ఏముందో పూర్తిగా చెప్పండి: మసాలా పొడుల తయారీదారులకు బహిరంగ లేఖ

గుంటూరు, పల్నాడు, ఖమ్మం, వరంగల్, దుగ్గిరాల, నిజామాబాద్ ప్రాంతాల్లో కారం, పసుపు, మసాలా పొడులు ఆడించి, ప్యాక్ చేసి విదేశాలకు పంపుతున్న తయారీదారులందరికీ,

నమస్కారం.

నేను లండన్‌లో ఉంటున్నాను. మన పొడులు దిగుమతి చేసుకుని ఇక్కడి కిరాణా షాపులకు సరఫరా చేసే చిన్న వ్యాపారిని. ఇందులో రాసిన విషయాలు మీలో చాలామందితో ఫోన్‌లో మాట్లాడినవే. విడివిడిగా మాట్లాడినప్పుడు ప్రతి ఒక్కరూ "మా సరుకు మంచిదేనండీ, మీరు భయపడకండి" అంటున్నారు. ఆ మాట పట్టుకుని ఇక్కడ పోర్టులో ఒక్క పెట్టె కూడా విడిపించలేను. అందుకే అందరికీ కలిపి రాస్తున్నాను.

అసలు సంగతి ముందే చెప్తాను. మన కారం ప్యాకెట్ బ్రిటన్‌లో ఆగిపోయిన ప్రతిసారీ "వాళ్లకి మనమంటే పడదు, మన వ్యాపారం దెబ్బతీయాలని చూస్తున్నారు" అన్న మాట వినిపిస్తోంది. నేను ఆ మాట ఒప్పుకోను. ఆ పొడిలో ఏం కలిసిందో, దానికి ఎక్కడ ఏం చేశారో మనం పూర్తిగా చెప్పకపోవడం వల్లే మన సరుకు ఎక్కువగా ఆగుతోంది. రేటు తగ్గించమని నేను అడగడం లేదు. అప్పు గడువు పెంచమనీ అడగడం లేదు. సరుకు వివరం నిజంగా, పూర్తిగా ఇవ్వమని అడుగుతున్నాను.

2024 ఏప్రిల్ మీకు గుర్తుండే ఉంటుంది. ఆ నెల 5న హాంకాంగ్ ఆహార భద్రతా కేంద్రం ఎండీహెచ్ మసాలాలు మూడింటిలో, ఎవరెస్ట్ ఫిష్ కర్రీ మసాలాలో ఇథిలీన్ ఆక్సైడ్ దొరికిందని ప్రకటించి అమ్మకాలు ఆపమంది. రెండు వారాలు తిరక్కుండానే సింగపూర్ ఆ చేపల మసాలాను మార్కెట్ నుంచి వెనక్కి తీసుకోమంది. తమ సరుకు సురక్షితమేనని ఆ కంపెనీలు చెప్పుకున్నాయి. ఆ వాదోపవాదాలు ఎలా ఉన్నా, మే నెలలో బ్రిటన్ ఆహార ప్రమాణాల సంస్థ భారత్ నుంచి వచ్చే మసాలాలన్నిటి మీదా అదనపు తనిఖీలు పెట్టింది. ఫలానా బ్రాండ్ అని లేదు, అన్నిటి మీదా. పెద్ద కంపెనీలకు సొంత ల్యాబులు ఉన్నాయి, లాయర్లు ఉన్నారు. దెబ్బ తిన్నది మాత్రం తెనాలిలోనో నరసరావుపేటలోనో ఒక షెడ్డులో పొడులు చేసుకునేవాళ్లు, వాళ్ల దగ్గర కొనే నాలాంటివాళ్లు.

ఈ ఇథిలీన్ ఆక్సైడ్ గురించి మీలో కొందరికి నాకన్నా బాగా తెలుసు. తెలియనివాళ్ల కోసం రాస్తున్నాను. ఇది ఆసుపత్రుల్లో పరికరాలను శుద్ధి చేసే గ్యాస్. మసాలాల్లో సాల్మొనెల్లా అనే బ్యాక్టీరియాను, బూజును చంపడానికి కూడా కొన్నిచోట్ల దీన్ని పట్టిస్తారు. ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన క్యాన్సర్ పరిశోధన విభాగం దీన్ని మనుషుల్లో క్యాన్సర్ కలిగించే పదార్థాల మొదటి వర్గంలో పెట్టింది. యూరప్‌లో ఆహారానికి వాడకూడదని 1991 నుంచే నిషేధం ఉంది. యూరప్, బ్రిటన్ రెండుచోట్లా మసాలాల్లో కిలోకు 0.1 మిల్లీగ్రాము దాటకూడదు. అంటే పది టన్నుల కారంలో మొత్తం కలిపి ఒక గ్రాము. ఒక గ్రాము దాటితే పది టన్నులూ పోయినట్టే.

"గ్యాస్ పట్టించాక బాగా ఆరబెట్టాం కదండీ, ఎగిరిపోతుంది" అని ఒకాయన నాతో అన్నారు. గ్యాస్ చాలావరకు ఎగిరిపోయే మాట నిజమే. కానీ అది మసాలాలో ఉన్న క్లోరైడ్‌తో కలిసి 2-క్లోరోఇథనాల్ అనే ఇంకో పదార్థంగా మారుతుంది. అది ఎక్కడికీ పోదు. ఇక్కడి ల్యాబు రెండిటినీ కలిపి లెక్కేస్తుంది. ఎన్ని రోజులు గాలికి పెట్టినా ఆ లెక్క తప్పించుకోలేరు.

ఇంకో మాట తరచుగా వింటాను. "ఇదే సరుకు అమెరికా వెళ్తోంది, వాళ్లకి లేని ఇబ్బంది మీకేంటి?" దీనికి జవాబు ఉంది. అమెరికాలో మసాలాలకు ఈ గ్యాస్ వాడటానికి అనుమతి ఉంది. అక్కడ పరిమితి కిలోకు 7 మిల్లీగ్రాములు, అంటే ఇక్కడి పరిమితికి 70 రెట్లు. ఆ రెండో పదార్థానికి అక్కడి పరిమితి ఏకంగా 940 మిల్లీగ్రాములు. కాబట్టి న్యూజెర్సీలో పాసైన కారం ఇక్కడి ఫెలిక్స్‌టో పోర్టులో ఫెయిలవడంలో వింతేమీ లేదు. ఎవరి చట్టం వాళ్లది. ఎక్కడికి పంపే సరుకును అక్కడి చట్టం ప్రకారం తయారుచేయాలి. అమెరికా ఆర్డర్‌లో మిగిలిన లాటును లండన్ పెట్టెలో సర్దొద్దని నేను పదే పదే చెప్పేది ఇందుకే.

గ్యాస్ మీరు స్వయంగా పట్టించకపోయినా రావచ్చు. ఒక సాంబారు పొడిలో పది, పన్నెండు దినుసులు ఉంటాయి. మిరప, ధనియాలు మీ ఊళ్లోనే కొంటారు. మిరియాలు, జీలకర్ర, ఇంగువ, వెల్లుల్లి పొడి బయటి వ్యాపారి నుంచి వస్తాయి. వాటిలో ఏదో ఒకదానికి ముందే గ్యాస్ పట్టించి ఉంటే చాలు, మీ పొడి మొత్తం పరిమితి దాటవచ్చు. 2020 సెప్టెంబరులో మన దేశపు నువ్వుల్లో ఇది బయటపడ్డాక యూరప్‌లో ఏం జరిగిందో చూశాం. ఆ నువ్వులు వేసిన బ్రెడ్లు, బిస్కెట్ల వంటివి ఎన్నో వెనక్కి తీసుకోవాల్సి వచ్చింది. నువ్వులు పండించిన రైతుకు ఆ గ్యాస్ పేరు కూడా తెలిసి ఉండదు. కాబట్టి మీకు దినుసులు అమ్మే ప్రతి వ్యాపారినీ "దీన్ని దేనితో శుద్ధి చేశారు?" అని అడగండి. జవాబు కాగితం మీద తీసుకోండి. ఆ కాగితం నాకూ పంపండి.

మరి గ్యాస్ లేకుండా సూక్ష్మజీవుల సంగతి ఏం చేయాలి? ఆవిరి పట్టించే పద్ధతి ఉంది. రేడియేషన్ పద్ధతీ ఉంది, బ్రిటన్‌లో అనుమతి ఉన్నదే, కానీ ఆ విషయం ప్యాకెట్ మీద రాసి తీరాలి. ఆ మాట చూసి ఇక్కడి షాపువాళ్లు వెనకాడతారు. ఆవిరే మేలని నా అభిప్రాయం. ఆడించాక కాకుండా కాయగా ఉన్నప్పుడే పట్టిస్తే మంచిది. రంగు కొంచెం తగ్గుతుంది, వాసన కొంచెం తగ్గుతుంది. ఆ తగ్గిన రంగుతోనే నేను అమ్ముతాను, కొనేవాళ్లకు కారణం నేను చెప్పుకుంటాను.

రంగు మాట వచ్చింది కాబట్టి తాలు, అంటే రంగు వెలిసిన నాసిరకం కాయ, సంగతి కూడా మాట్లాడాలి. మిరప యార్డులో తాలు కాయ వేరే రేటుకు అమ్ముడుపోతుందని, అది ఎక్కడికి వెళ్తుందో కూడా మనందరికీ తెలుసు. తాలు ఆడిస్తే పొడి పాలిపోయి ఉంటుంది. అక్కడే రంగు కలపాలన్న ఆశ పుడుతుంది. 2003లో ఫ్రాన్స్‌లో మన దేశం నుంచి వెళ్లిన మిరప ఉత్పత్తుల్లో సుడాన్-1 అనే రంగు దొరికింది. మైనానికి, బూట్ల పాలిష్‌కు వాడే రంగు అది. అప్పుడే యూరప్ కఠినమైన నిబంధన పెట్టింది. 2005 ఫిబ్రవరిలో ఇక్కడ బ్రిటన్‌లో, అదే రంగు కలిసిన కారం ఒక సాస్‌లోకి వెళ్లి, ఆ సాస్ నుంచి సూపులు, పిజ్జాలు, రెడీమేడ్ భోజనాల్లోకి వెళ్లి, 400కు పైగా ఉత్పత్తులను షాపుల్లోంచి తీసేయాల్సి వచ్చింది. ఎక్కడో ఒక మిల్లులో కలిపిన రంగు అంత దూరం పాకింది. ఇరవై ఏళ్లు దాటినా ఇక్కడి అధికారులు మన కారం అనగానే ముందు సుడాన్ రంగు గురించే అడుగుతారు. కారానికి రంగు అక్కర్లేదు. మంచి రంగు కావాలంటే ఎరుపు ఎక్కువ, కారం తక్కువ ఉండే బ్యాడిగి రకం మిరపకాయ కలపండి, ఆ సంగతి రాయండి. దుగ్గిరాల, నిజామాబాద్ మిత్రులకూ ఇదే మాట. పసుపు మెరవడానికి సీసం ఉన్న రంగు పూసే పని ఎవరు చేసినా, వాళ్ల కొమ్ములు మీ మిల్లు గుమ్మం దాటనివ్వకండి. సీసం పిల్లల మెదడు మీద పనిచేస్తుంది. ఇందులో బేరానికి తావు లేదు.

మెరుపు కోసం కారంలో నూనె కలిపే అలవాటు కూడా ఉంది. మన దేశ చట్టం ప్రకారం రెండు శాతం దాకా వంటనూనె కలపవచ్చు. ఏ నూనె, ఎంత అన్నది ప్యాకెట్ మీద రాయాలి. చాలా ప్యాకెట్ల మీద ఆ మాట ఉండదు. ఇక్కడ ఇది చిన్న లోపంగా చూడరు. ఎందుకంటే ఆ నూనె వేరుశెనగ నూనె కావచ్చు.

అలర్జీల సంగతి కొంచెం వివరంగా రాస్తాను. మనవాళ్లలో ఎక్కువమంది తేలిగ్గా తీసుకుంటున్నది ఇదే. మిగతా అన్నిటికన్నా నాకు ఎక్కువ టెన్షన్ పెడుతున్నదీ ఇదే. పురుగుమందు అవశేషాల వల్ల కలిగే హాని ఏళ్ల తరబడి మెల్లగా జరిగేది. అలర్జీ ఉన్న మనిషికి హాని నిమిషాల్లో జరుగుతుంది. వేరుశెనగ తగిలితే గొంతు వాచి ఊపిరాడక చనిపోయేవాళ్లు ఉన్నారు. ఈ దేశంలో అలాంటి మరణాల మీద హోటల్ యజమానులు జైలుకు వెళ్లారు.

బ్రిటన్‌లో 14 రకాల పదార్థాలను దినుసుల పట్టికలో ప్రత్యేకంగా కనిపించేలా, లావు అక్షరాల్లోనో మరోలానో రాయాలి. వాటిలో వేరుశెనగ ఉంది, నువ్వులు ఉన్నాయి, ఆవాలు ఉన్నాయి, జీడిపప్పు లాంటి గింజలు ఉన్నాయి, గోధుమలోని గ్లూటెన్ ఉంది, పాలు ఉన్నాయి. ఇప్పుడు మన పొడుల్ని ఒక్కసారి తలుచుకోండి. పల్లీ పొడి, నువ్వుల పొడి, ఆవపొడి. మనం ఇష్టంగా తినే పొడుల్లో సగం ఆ జాబితాలోవే. ఇంగువ తీసుకోండి. బజారులో దొరికే డబ్బా ఇంగువలో మైదా పిండి కలిసి ఉండటం మామూలే. సాంబారు పొడిలో ఆ ఇంగువ చిటికెడు వేసినా దినుసుల పట్టికలో "ఇంగువ" అని ఒక్క మాట రాసి ఊరుకోకూడదు. ఇంగువలో ఏముందో, గోధుమతో సహా, విడదీసి రాయాలి. "చిటికెడు ఇంగువకు ఇంత పురాణమా?" అని నన్ను అడిగినవాళ్లున్నారు. గోధుమ పడని మనిషి ఆ సాంబారు తింటే ఎదురయ్యే బాధ చిటికెడుతో ఆగదు.

రాయని దినుసు కలవడం ఇంకో సమస్య. ఒకే మిల్లులో పొద్దున పల్లీలు, మధ్యాహ్నం ఆవాలు, సాయంత్రం మిరపకాయలు ఆడిస్తాం. మధ్యలో గుప్పెడు బియ్యమో ఉప్పో వేసి ఆడిస్తే మిల్లు శుభ్రమైనట్టేనని అనుకుంటాం. ఇంట్లో వాడుకోవడానికి అది సరిపోతుంది. 2024 సెప్టెంబరులో బ్రిటన్ ఆహార ప్రమాణాల సంస్థ వేరుశెనగ అలర్జీ ఉన్నవాళ్లందరినీ ఆవాలు ఉన్న పదార్థాలు తినొద్దని హెచ్చరించింది. భారత్ నుంచి వచ్చిన ఆవాల ఉత్పత్తుల్లో వేరుశెనగ కలిసినట్టు తేలడమే దానికి కారణం. ఆవపిండి కలిసిన సాస్‌లు, సలాడ్ డ్రెస్సింగులు, శాండ్‌విచ్‌లు ఎన్నో షాపుల నుంచి వెనక్కి వెళ్లాయి. ఆ వార్త చదివినప్పుడు నా గోడౌన్‌లో ఉన్న ప్రతి ఆవపొడి అట్టపెట్టె గురించీ ఆలోచించాను. ఏ మిల్లులో ఆడిందో, దానికి ముందు ఆ మిల్లులో ఏం ఆడిందో చెప్పే కాగితం చాలావాటికి నా దగ్గర లేదు.

అందుకే పల్లీలకు వేరే మిల్లు పెట్టమని అడుగుతున్నాను. వేరే మిల్లు కుదరకపోతే వేరే రోజు పెట్టుకుని, మధ్యలో మిల్లు విప్పి శుభ్రం చేసి, ఆ రోజు ఆడిన వరుసను పుస్తకంలో రాయండి. అదీ కుదరదంటే పల్లీ పొడి చేయడం ఆపండి, లేదా మిగతా పొడులు నాకు పంపడం ఆపండి. "వేరుశెనగ ఉండవచ్చు" అని ప్రతి ప్యాకెట్ మీదా ముద్రించేస్తే సరిపోతుంది కదా అంటారు. సరిపోదు. నిజంగా ప్రమాదం ఉన్నచోట రాయాల్సిన మాట అది, బద్ధకానికి మారుపేరు కాకూడదు. అన్నిటిమీదా రాస్తే అలర్జీ ఉన్న మనవాళ్ల పిల్లలకు తినడానికి ఒక్క పొడి కూడా మిగలదు.

కళ్లం గురించి కూడా రెండు మాటలు. మాదీ పల్నాడే, కళ్లంలో కాయ ఎలా ఎండుతుందో నాకు చెప్పక్కర్లేదు. నేల మీద ఆరబోయడం, అకాల వాన, రాత్రి మంచు, కాయ విరగకుండా ఉండటానికి టిక్కీలో (బస్తాలో) తొక్కే ముందు నీళ్లు చల్లడం. ఆ తేమలోనే బూజు పట్టి అఫ్లాటాక్సిన్ అనే విషపదార్థం తయారవుతుంది. ఇక్కడి పరిమితి కిలోకు బి1 రకం 5 మైక్రోగ్రాములు, మొత్తం 10 మైక్రోగ్రాములు. ఇది సరుకంతటా సమానంగా ఉండదు. ఒక బస్తాలో ఏమీ ఉండదు, పక్క బస్తాలో రెండు మూడు బూజు కాయల్లోనే బోలెడు ఉంటుంది. కాబట్టి ఒక బస్తాలోంచి గుప్పెడు తీసి ల్యాబుకు పంపి "మా లాటు క్లీన్" అనడం కుదరదు. చాలా బస్తాల నుంచి కొంచెం కొంచెం తీసి, కలిపి, అందులోంచి నమూనా పంపాలి.

ల్యాబు రిపోర్టుల మాట చెప్పకపోతే ఈ లేఖ పూర్తి కాదు. నాకు వచ్చే రిపోర్టుల్లో చాలావాటిలో కింద చిన్న అక్షరాల్లో "నమూనా మేము సేకరించింది కాదు, మాకు అందినది" అని ఉంటుంది. అంటే తయారీదారు సంచిలో పట్టుకెళ్లి ఇచ్చిన పొడికి వచ్చిన ఫలితం అది. నా పెట్టెలో ఉన్న పొడీ, ఆ పొడీ ఒకటేనని ఎవరు చెప్పాలి? రిపోర్టు మీద బ్యాచ్ నంబరు ఉండదు, ఉన్నా ప్యాకెట్ల మీద నంబరుతో కలవదు. కొన్నిసార్లు ఆర్డర్ ఇవ్వకముందే రిపోర్టు వచ్చేస్తుంది. ఇక్కడ చట్టం ప్రకారం, సరుకు ఎవరి దగ్గర కొన్నానో, ఎవరికి అమ్మానో అడిగిన వెంటనే చూపించాలి. దిగుమతిదారుగా ప్యాకెట్ మీద నా చిరునామా ఉంటుంది. తప్పు తేలితే మొదట నా తలుపే కొడతారు. సరుకు ఆగిన రోజుల అద్దె, పరీక్ష ఖర్చు, చివరికి తగలబెట్టే ఖర్చు కూడా నేనే కడతాను. ఇదంతా కడుతున్నానని సానుభూతి కోసం చెప్పడం లేదు. ఈ భారం మోసేవాడికి మీ బ్యాచ్ పుస్తకం చూసే హక్కు ఉందని చెప్తున్నాను.

కేంద్ర ప్రభుత్వ స్పైసెస్ బోర్డు అధికారులు కూడా ఈ లేఖ చూస్తారని ఆశిస్తున్నాను. గుంటూరులో మీ ల్యాబు ఉంది, యడ్లపాడు మండలం వంకాయలపాడులో స్పైసెస్ పార్కు ఉంది. 2024 గొడవ తర్వాత హాంకాంగ్, సింగపూర్ వెళ్లే సరుకుకు ఇథిలీన్ ఆక్సైడ్ పరీక్ష తప్పనిసరి చేశారు. మంచి పని. కానీ నెలకు టన్ను, రెండు టన్నులు చేసే షెడ్డువాళ్లు ఆవిరి యంత్రం సొంతంగా కొనలేరు. వాళ్ల కాయ తెచ్చి, కిలోకు ఇంతని కట్టి, ఆవిరి పట్టించుకుని వెళ్లేలా ఉమ్మడి యూనిట్ నడపండి. వాళ్ల గోడౌన్‌కు మీ మనిషే వచ్చి నమూనా తీసే ఏర్పాటు చిన్న లాట్లకు కూడా అందుబాటు ధరలో పెట్టండి. పొదుపు సంఘాల మహిళలు చేసే పొడులకు ఇక్కడ గిరాకీ ఉంది. వాళ్ల చేతి రుచి పెద్ద ఫ్యాక్టరీ వాటికి లేదు. వాళ్లను అడ్డుకుంటున్నది రుచి కాదు, ఈ రెండు సదుపాయాలు లేకపోవడమే.

బోర్డు చేతిలో లేని విషయం ఒకటి ఉంది, అయినా చెప్తాను. 2024 ఏప్రిల్‌లోనే మన ఆహార భద్రతా సంస్థ, దేశంలో నమోదు కాని పురుగుమందుల అవశేషాల పరిమితిని మసాలాలకు కిలోకు 0.01 నుంచి 0.1 మిల్లీగ్రాముకు పెంచింది. కారణాలు వాళ్లు చెప్పారు. మసాలా తక్కువ మోతాదులో తింటామన్న వాదనా ఉంది. కానీ మన ఇళ్లలో కారం చిటికెడు వాడం. రోజూ ఆవకాయ, కారప్పొడి, కూరల్లో కారం తినేవాళ్లం మనం. "ఎక్స్‌పోర్ట్ క్వాలిటీ" అని వేరే బస్తాలు కట్టి, మిగతాది ఊళ్లో అమ్ముకునే పద్ధతి నాకు నచ్చదు. నా సరుకు విడిపించుకోవడం కోసం మీ మిల్లు బాగుపడితే, దాని మొదటి లాభం మీ ఊరి హాస్టల్ పిల్లలకు అందాలి.

వచ్చే సీజన్ నుంచి నా పద్ధతి ఇది. కొత్త కాయ యార్డుకు రాకముందే మీకు ఒక ఫారం పంపుతాను. ప్రతి దినుసు ఎక్కడ కొన్నారు, దేనితో శుద్ధి చేశారు, నూనె కలిపితే ఏ నూనె, ఏ మిల్లులో ఏ తేదీన ఆడించారు, దానికి ముందు అదే మిల్లులో ఏం ఆడించారు అని అందులో ఉంటుంది. నింపి సంతకం చేసి, బ్యాచ్ నంబరుతో పంపాలి. నమూనా మీరు తీయరు, ల్యాబు మనిషి వచ్చి తీస్తాడు. ఆ పరీక్ష ఖర్చులో సగం నేను కడతాను. తొలి ఆర్డర్ చిన్నదే ఇస్తాను. అది ఇక్కడ శుభ్రంగా పాసైతే, ఆ సీజన్ అంతా మీ దగ్గరే కొంటాను, యార్డు రేటు కింద పడినా ఒప్పుకున్న రేటే ఇస్తాను. ఫారం నింపడం కుదరనివాళ్లు మొహమాటపడకుండా ఇప్పుడే చెప్పండి, మన స్నేహానికి ఏమీ కాదు. సరుకు మాత్రం తీసుకోను.

ఇట్లు,
లండన్ నుంచి ఒక మసాలా పొడుల దిగుమతిదారు